సైకాల్ పెట్టిన వీడియో

సాజ్-బులాక్ ఊళ్లో సైకాల్ రాత చదవని మనిషి లేడని అందరూ అనేవాళ్లు. ఆమె కూడా అలాగే అనుకునేది.

అంతకుముందు ఆమె ఊరి లైబ్రరీలో పనిచేసింది. పైకప్పు కారి పుస్తకాలు బూజు పట్టాక లైబ్రరీకి తాళం వేసి, ఊరి పాలక మండలి ఆఫీసులో ఆమెకు ఒక బల్ల, ఒక కుర్చీ ఇచ్చారు. కొన్నాళ్లు ఏ పనీ చెప్పలేదు. తర్వాత మెదెర్‌బెక్ మండలి పెద్దగా వచ్చాడు. కుర్రాడు, పట్నంలో చదివినవాడు, కుదురుగా కూర్చోలేని మనిషి. వచ్చిన వారంలోనే ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

"సైకాల్ ఎజే, మనం గోడ మీద కాగితాలంటిస్తే ఆవులు తప్ప ఎవరూ చూడట్లేదు."

"చూడటమే కాదు, తింటున్నాయి కూడా. జిగురు గోధుమపిండిది కదా," అంది సైకాల్.

మెదెర్‌బెక్ పకపకా నవ్వాడు. వయసులో పెద్ద ఆడవాళ్లను ఎజే, అంటే అక్కా, అని పిలవడం అక్కడి మర్యాద. "చూశారా, మీకు మాట తెలుసు. ఊరి జనమంతా ఫోన్లలోనే ఉన్నారు. వాట్సాప్‌లో ఊరి గ్రూపు పెడదాం. మండలికి ఒక పేజీ కూడా పెడదాం. రెండూ మీరే చూసుకోండి."

అలా మొదలైంది. కాలువ నీళ్లు ఏ వీధికి ఎప్పుడు వదులుతారు, కరెంటు ఎప్పుడు తీస్తారు, గొర్రెలకు సూదులు వేసే డాక్టరు ఎప్పుడొస్తాడు, అన్నీ సైకాల్ రాసేది. రాయడంలో ఆమెది ఒక తీరు. కొమ్ము విరిగిన ఎర్రావు ఒకటి దారి తప్పి వస్తే ఇలా రాసింది: "మండలి ఆఫీసు ముందు ఒక ఎర్రావు పొద్దుటి నుంచి నిలబడి ఉంది. అర్జీ ఏమీ తేలేదు. సంగతేమిటో యజమాని వచ్చి మాట్లాడుకోవాలి." ఆ ముక్క పక్క ఊళ్లకు కూడా పాకింది. యజమాని వచ్చి ఆవును తోలుకుపోతూ, "అర్జీ మళ్లీసారి తెస్తుందిలే ఎజే," అన్నాడట.

ఆ రాతలతో మంచి కూడా జరిగింది. పై కనుమలో మంచు పెళ్లలు విరిగిపడి దారి మూసుకుపోయినప్పుడు ఆమె ఒక్క మాట రాస్తే పారలు పట్టుకుని ఊరు ఊరంతా కదిలింది. ఒక బాలింతకు నెత్తురు కావాలని రాస్తే ఆస్పత్రి మెట్ల మీద జనం బారులు తీరారు. సైకాల్ తల్లి కాలిపా కింది వీధిలో ఒక్కతే ఉండేది, చూపు మందగించింది. ఎవరు గడప తొక్కినా ముందు టీ పోసి, "మా అమ్మాయి ఇవాళ ఏం రాసిందో కాస్త చదివి పెట్టు," అనేది. విని, అర్థమైనా కాకపోయినా, తల ఊపేది.

రెండో ఏడు జిల్లా నుంచి కొత్త పట్టు మొదలైంది. ఏ ఊరి పేజీని ఎంతమంది చూస్తున్నారని అడగసాగారు. మీటింగుకు వెళ్లొచ్చిన ప్రతిసారీ మెదెర్‌బెక్ ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు.

"పక్క ఊరివాళ్లు గుర్రప్పందెం వీడియో పెట్టారు, జనం విరగబడి చూశారు. మనం నీళ్ల వంతులు పెట్టుకుని కూర్చున్నాం."

"నీళ్లు రాకపోతే గుర్రాలు కూడా పరుగెత్తవు," అంది సైకాల్.

"అది నిజమే ఎజే. కానీ కదిలేది ఏదైనా ఉండాలి. జనం చూసేది ఉండాలి."

ఆ వసంతంలో ఎప్పటిలాగే ఇంటికొకరు చొప్పున పారలు పట్టుకుని కాలువ బాగుచేశారు. నీళ్లు వదిలిన కొన్నాళ్లకే మళ్లీ బూడిద, సీసాలు, చిరిగిన చెప్పులు. కింది వీధివాళ్లు ఆఫీసుకొచ్చి గొడవ చేశారు. పై వీధివాళ్లు పొయ్యి బూడిద కాలువలో పోస్తుంటే అది తమ బంగాళాదుంప చేలల్లో తేలుతోందని వాళ్ల బాధ. మెదెర్‌బెక్ వాళ్లను సముదాయించి పంపి, సైకాల్ వైపు తిరిగాడు.

"ఒక్కరు దొరికితే చూపిద్దాం ఎజే. ఒక్కరిని చూపిస్తే పదిమంది బుద్ధి తెచ్చుకుంటారు."

ఆ మాట సైకాల్‌కు సబబుగానే తోచింది.

ఒక పొద్దున పై వీధిలో తూము చూడటానికి వెళ్తోంది. పాప్లార్ చెట్ల వరస అవతల, కాలువ గట్టు మీద, ఒక ముసలామె ముఖమల్ కోటు మీద తెల్ల తలగుడ్డ చుట్టుకుని బకెట్టు మోసుకుంటూ వస్తోంది. రెండడుగులు వేయడం, బకెట్టు దింపడం, నడుం పట్టుకోవడం. గట్టు చేరి బకెట్టు ఒంచింది. నీళ్లు నల్లగా తిరిగాయి. సైకాల్ చేతిలో ఫోను ఎలాగూ ఉంది. చెట్ల వెనక నుంచే తీసింది.

ఆమె ఎవరో సైకాల్‌కు తెలుసు. ఊల్కన్ అపా. అపా అంటే తల్లి. ముసలివాళ్లను అలాగే పిలుస్తారు. ముఖం సరిగ్గా కనబడదులే అనుకుంది. ఆఫీసుకొచ్చి వీడియో కింద ఇలా రాసింది: "ఊరంతా నడుములు విరగ్గొట్టుకుని కాలువ కడిగాం. మన అపా అందులో బూడిద టీ కాస్తోంది. కింది వీధివాళ్లూ, గిన్నెలు తెచ్చుకోండి!"

రాసి, ఒకసారి చదువుకుని, తనలో తను నవ్వుకుంది కూడా.

ఊల్కన్ అంటే ఆ ఊళ్లో చావుకు పాడే మనిషి. ఎవరింట్లో ఎవరు పోయినా, వాకిట్లో కర్రల గోడలతో గుండ్రటి గుడారం వేసేలోపే ఆమెకు కబురు వెళ్లేది. ఆమె వచ్చి శవం ఉన్న గుడారంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, గోడవైపు తిరిగి, కొషోక్, అంటే చావుపాట, ఎత్తుకునేది. పోయిన మనిషి బతుకంతా ఆ పాటలో వచ్చేది. ఏ గుర్రాన్ని లొంగదీశాడో, ఏ చలికాలంలో ఎవరి పిల్లలకు రొట్టె పెట్టిందో, ఏ మాటకు నవ్వేదో. బతికుండగా ఎవరూ మెచ్చని మనిషికి కూడా ఊల్కన్ నోట ఒక మంచి మాట దొరికేది. దాన్ని విని కొడుకులు, కోడళ్లు, పగబట్టిన అన్నదమ్ములు కూడా ఏడ్చి తేలికపడేవాళ్లు. సైకాల్ మామగారు పోయినప్పుడూ ఆమే పాడింది.

వీడియో పెట్టిన కాసేపటికే గ్రూపంతా నవ్వులు. సాయంత్రానికి పట్నంలోని ఏదో పెద్ద పేజీవాళ్లు ఎత్తుకున్నారు. మర్నాటికి ఎవరో దానికి డప్పుల పాట కలిపారు. ఊల్కన్‌ను ఎన్నడూ చూడనివాళ్లు, సాజ్-బులాక్ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా నోటికొచ్చింది రాశారు. ముసలిదానికి జరిమానా వెయ్యమన్నారు. ఆ బూడిదే ఆమె నోట్లో పొయ్యమన్నారు. మెదెర్‌బెక్‌కు జిల్లా నుంచి ఫోనొచ్చింది, మెచ్చుకుంటూ.

సైకాల్ మొగుడు కుబాత్ టాక్సీ తోలుతాడు. ఆ రోజు అన్నాల దగ్గర రొట్టె తుంచుతూ అన్నాడు: "బజారులో పరాయి ఊరివాళ్లు నన్ను 'బూడిద టీ ఊరోడా' అని పిలుస్తున్నారు."

"అలాగైనా మన ఊరికి పేరొచ్చింది," అంది సైకాల్, తేలిగ్గా.

అతను నవ్వలేదు. "మా నాన్నకు పాడింది ఆవిడ," అని, టీ గిన్నె బోర్లించి లేచిపోయాడు.

మర్నాడు తల్లి దగ్గరికి వెళ్తే, కాలిపా రోజూ అడిగే మాట అడగలేదు. కూతురు కూర్చునేదాకా ఆగి, "ఊల్కన్ ముఖం ఊరంతా తిప్పావటగా," అంది.

"ముఖం కనబడదు అమ్మా. అయినా ఆవిడ చేసింది తప్పే కదా?"

"తప్పే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నీ మాట పెదవి కూడా దాటలేదు, వేలు కొస నుంచి పోయింది. సరే, ఒకటి చెప్పు. ఆ మనిషిని బూడిద ఎక్కడ పోసుకోమన్నారు మీరు?"

సైకాల్‌కు గడిచిన చలికాలం సంగతి గుర్తొచ్చింది.

అప్పుడొక రోజు ఊల్కన్ అపా బూట్ల మంచు దులుపుకుంటూ ఆఫీసులోకి వచ్చింది. "అమ్మాయ్, చెత్త ట్రాక్టరు పై వీధికి ఎక్కట్లేదు. నా బూడిద గుంట నిండిపోయింది. మోకాళ్లు సహకరించక దూరం మోయలేకపోతున్నా," అంది. సైకాల్ అప్పుడు ఫోనులో ఏదో రాస్తోంది. తల ఎత్తకుండానే, "గ్రూపులో పెట్టించండి అపా. అక్కడైతే మండలి పెద్ద కూడా చూస్తాడు," అంది. "నాది బొత్తాల ఫోను కదా తల్లీ." "ఎవరిచేతైనా రాయించండి." ముసలామె తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు సైకాల్ తల్లి ఇచ్చిన టీ తాగలేకపోయింది.

తెల్లవారగానే ఆఫీసుకు వెళ్లి వీడియో తీసేసింది. మెదెర్‌బెక్ విస్తుపోయాడు. "ఎజే, ఇంత పేరొచ్చాక..." అన్నాడు. ఆమె ట్రాక్టరు సంగతి చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. విని, కాసేపు మెడ రుద్దుకుని, ఆ వారంలోనే ట్రాక్టరును పై వీధికి పంపించాడు. కానీ గ్రూపులోంచి తీసేస్తే మాత్రం ఏముంది, అది అప్పటికే లోకం మీద పడింది. సైకాల్ క్షమించమని కూడా రాసింది, వేళాకోళం లేకుండా, పొడవుగా. దాన్ని ఏ పెద్ద పేజీవాళ్లూ ఎత్తుకోలేదు. అయినా ఎవరి కోసం రాసిందో ఆ మనిషికి గ్రూపే లేదు.

ముఖాముఖి వెళ్లాలి. అది సైకాల్‌కు తెలుసు. ఒక రోజు వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని పై వీధికి వెళ్లింది. ఊల్కన్ ఇంటి గేటు దగ్గర నిలబడింది. లోపల దగ్గు వినబడింది. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. లోకానికంతా చెప్పగలిగిన మనిషి ఒక్కరి ముందు నోరు మెదపలేక వెనక్కి తిరిగింది. రేపు వస్తాననుకుంది. ఆ తర్వాత బంగాళాదుంపలు నాటే పని, తర్వాత గడ్డి కోతలు, తర్వాత పెద్దకూతురి పరీక్షలు. ప్రతి పనీ ఆమెకు ఒక సాకు ఇచ్చింది.

ఆ వేసవిలో ఒక ముసలి గొర్రెలకాపరి పోతే ఊల్కన్‌కు కబురు పంపారు. గొంతు బాగాలేదని చెప్పి పంపిందట. తర్వాత ఇంకొకరు పోయారు, ఆ ఇంటికీ రాలేదు. కొట్టుకు రావడం మానేసింది. పిండి, పంచదార పక్కింటివాళ్లు తెచ్చి పెట్టారు. అపా ఇక పాడదట అని ఊళ్లో అనుకోవడం మొదలైంది. ఎందుకని ఎవరూ పైకి అనలేదు, సైకాల్ ఉన్నచోట అసలే అనలేదు.

ఆకురాలు కాలంలో, దుంపలు తవ్వుతుండగా, కాలిపా పోయింది. మధ్యాహ్నం టీ పోసుకుని, గిన్నె చల్లారేలోపు వెనక్కి వాలింది, అంతే. జబ్బు లేదు, బాధ లేదు.

వాకిట్లో గుడారం లేచింది. మగవాళ్లు బయట చేతికర్రల మీద వంగి ఏడుస్తూ, వచ్చేవాళ్లకు ఎదురెళ్తున్నారు. లోపల ఆడవాళ్లు కూర్చున్నారు. తల్లి పోతే కూతురు పాడాలి, అది పద్ధతి. సైకాల్ గోడ కర్రలవైపు తిరిగి కూర్చుంది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. "కింది వీధి కాలిపా గారు స్వర్గస్థులయ్యారు, గుడారం ఫలానా ఇంట," అని తనే గ్రూపులో రాసింది. ఆ ముక్కలే తలలో తిరుగుతున్నాయి. తల్లి గురించి తల్లికి చెప్పడానికి ఒక్క మాటా లేదు. ఊల్కన్‌ను పిలుద్దామని ఎవరికి అనిపించినా, ఎవరూ అనలేదు. ఏ ముఖం పెట్టుకుని పిలుస్తారు?

పిలవకుండానే ఊల్కన్ వచ్చింది. ఆమె ఇంటి గోడ మీదుగా ఎవరో అరిచి చెప్పారట. కర్ర ఆనించుకుంటూ గుడారంలోకి వంగి వచ్చి, సైకాల్‌ను దగ్గరికి లాక్కుంది. ఆమె ఒంటికి పొగ వాసన, ఎండుగడ్డి వాసన. పక్కనే కూర్చుని, గోడవైపు తిరిగి, ఎత్తుకుంది.

గొంతు బాగానే ఉంది. గొంతుకు ఏ జబ్బూ లేదు.

కాలిపా పుట్టిన కొండ చరియతో మొదలుపెట్టింది. పొంగిన యేటిలో చంటిబిడ్డను వీపున కట్టుకుని దాటిన రోజు చెప్పింది. ఆ బిడ్డ తనేనని సైకాల్‌కు అప్పుడు తెలిసింది. ఇంట్లో పాలు తక్కువైన రోజుల్లో వచ్చినవాళ్ల టీలో పాలు పోసి, తన గిన్నె మాత్రం గోడవైపు తిప్పుకుని నల్ల టీ తాగిన కాలిపా. చూపు మందగించాక కూడా అడుగుల చప్పుడును బట్టి పేరుపెట్టి పిలిచిన కాలిపా. సైకాల్ ఏడ్చింది. గుడారంలో ఆడవాళ్లందరూ ఏడ్చారు. "నీ కూతురు, కాలిపా, నీ ఒక్కగానొక్క కూతురు..." అని ఊల్కన్ కొత్త చరణం అందుకుంది.

సరిగ్గా అప్పుడే, పట్నం నుంచి వచ్చిన కుబాత్ మేనకోడలు ఐజిరెక్ ఫోను పైకెత్తింది. ఆ పిల్లకు పాపం ఏమీ తెలియదు; రాలేకపోయిన చుట్టాలకు చూపిద్దామనుకుంది. ఊల్కన్ కన్నీళ్లు తుడుచుకోవడానికి ముఖం ఇటు తిప్పింది. ఫోను చూసింది.

మాట మధ్యలో తెగిపోయింది. ముసలామె రెండు చేతులతో తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంది.

"వద్దు తల్లీ," అంది. "ఇంక వద్దు."

ఐజిరెక్ ఫోను ఒడిలో దాచేసి, "అపా, తీసేశాను, చూడండి, తీసేశాను," అంటోంది. ఊల్కన్ వినలేదు. ముఖం కప్పుకునే లేచింది, తడుముకుంటూ బయటికి వెళ్లింది. ఎవరో ఇంకో ఆవిడ పాట అందుకోబోయి, మాటలు తెలియక ఆపేసింది. "నీ ఒక్కగానొక్క కూతురు" ఏమైందో, ఏం చేసిందో, ఎలాంటిదో, ఆ మాట కాలిపాకు వినిపించకుండానే ఆమెను మోసుకుపోయారు.

కర్మలైన మర్నాడే సైకాల్ పై వీధికి వెళ్లింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. ఊల్కన్ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చూసి, టీ పోసింది.

"అపా, ఆ వీడియో తీసింది నేనే."

"తెలుసు. చెట్ల వెనక నీ ఎర్ర కోటు కనబడింది. పలకరిస్తావేమోనని బకెట్టు కిందపెట్టి నిలబడ్డాను కూడా. నువ్వు వెళ్లిపోయావు."

సైకాల్ తల దించుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. ట్రాక్టరు గురించి, ఆ రోజు తల ఎత్తకపోవడం గురించి, గేటు దాకా వచ్చి వెళ్లిపోవడం గురించి, అన్నీ చెప్పింది.

"కోపం లేదా అపా?"

"ఉండేది. పీడకల వస్తే పారే నీళ్లకు చెప్పుకుంటాం కదా, అలాగే కాలువకు చెప్పుకున్నా. నేను బూడిద పోసిన నీళ్లాయె, విన్నాయో లేదో." ఆమె కాస్త నవ్వింది. "నా తప్పూ ఉంది. బూడిద పోయకూడదు."

"అమ్మ పాట సగంలో ఆగిపోయింది. మిగిలింది నాకొక్కదానికైనా చెప్పండి. ఫోను ఇంట్లో పెట్టేసి వచ్చాను."

ఊల్కన్ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "అది అలా చెప్పేది కాదమ్మా. మనిషి ఇంకా ఇంట్లో ఉండగా, ఆ మనిషికి చెప్పేది. మట్టి పడ్డాక పాడితే ఉత్త పాట. అయినా నాకిప్పుడు నోరు తెరిస్తే ఎవరో చూస్తున్నట్టుంటుంది. కాలిపా కోసం మనసు గట్టి చేసుకుని వచ్చాను. వల్ల కాలేదు."

వెళ్లేటప్పుడు గేటు దాకా సాగనంపింది. చేతిలో ఎండు ఆప్రికాట్లు పెట్టింది.

మంచు పడేలోపే ఊల్కన్ కూతురు వచ్చి ఆమెను తోక్‌మోక్ పట్నానికి తీసుకుపోయింది, మోకాళ్లకు అక్కడ డాక్టర్లున్నారని. ఇల్లు తాళం పడింది. ఆ తర్వాత ఎవరింట్లోనో పెద్దదిక్కు పోతే, అపా పాట ఎవరి ఫోనులోనైనా ఉందేమో, ఉంటే వినిపిద్దామని గ్రూపులో వెతికారు. ఎవరి దగ్గరా లేదు. ఆమె పాడుతుంటే తీయడానికి ఎవరికీ ఎన్నడూ తోచలేదు. బూడిద వీడియో మాత్రం చాలామంది దగ్గర ఉంది.

సైకాల్ పని మానలేదు. మానేస్తానంటే మెదెర్‌బెక్ బతిమాలాడు. "మీరు పోతే ఇంకెవరో వచ్చి ఇంతకన్నా ఘోరంగా చేస్తారు ఎజే," అన్నాడు. మనుషుల ముఖాలు పెట్టనని చెప్పి ఉండిపోయింది. వారానికోసారి బొత్తాల ఫోన్లవాళ్ల ఇళ్లకు తనే నడిచి వెళ్లి, ఏం కావాలో అడిగి వస్తుంది. జనం మళ్లీ ఆమె రాతలకు నవ్వుతారు, ఆవుల గురించి రాసినప్పుడు. ఎవరైనా పోతే ఆ కబురూ తనే రాస్తుంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగుతాయి. గుడారాల్లో ఆడవాళ్లు మాటల్లేకుండా ఏడ్చి లేచిపోతారు.

తర్వాతి వసంతంలో పై వీధిలో ఒక ముసలామె పోయింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. వారం వారం వెళ్తున్నందువల్ల సైకాల్‌కు ఆమె తెలుసు. గుడారంలో కూర్చున్నవాళ్లు నలుగురే. సైకాల్ గోడవైపు తిరిగింది. రాగం కుదరలేదు, గొంతు రెండుసార్లు జీరపోయింది. ఆమె కోడిపెట్టలకు పేర్లు పెట్టుకుందని, వచ్చినవాళ్లను తినకుండా పోనిచ్చేది కాదని, అంతవరకే చెప్పగలిగింది. పక్కనున్నవాళ్లు తలలు వంచుకుని విన్నారు.

ఆ పాటి మాటలు అమ్మకు చెప్పి ఉండొచ్చు కదా అనిపించింది. అక్కడి నుంచి ఏడుపే వచ్చింది. అది ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.